దొంగ చత్వారం

పోయిన వారం నా కుడి కంటికి శుక్లం ఆపరేషనైంది. పొద్దున వెళితే మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికి పంపించేశారు. ఇంత చిన్న పనికా రెండేళ్ళు వాయిదాలు వేశానని నా మీద నాకే కోపమొచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని వసారాలో మంచం మీద కూర్చుంటే వీధిలో వాళ్ళంతా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి చూసి పోయారు. ఎదురింటి పిన్ని అయితే "తల వంచమాక, పప్పు తినమాక, ఏడవమాక" అని డాక్టరు చెప్పినవీ చెప్పనివీ కలిపి చెప్పి, ఆ తర్వాత తన కంటి ఆపరేషన్ కథ మొదలుపెట్టింది. ఆ కథ మూడు రోజులు నడిచింది. ఇవాళ పొద్దున ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దాలు తీసి చూస్తే లోకమంతా ఉతికి ఆరేసినట్టుంది. గోడ సున్నం మీద ఇన్ని మరకలున్నాయని నాకిన్నాళ్ళూ తెలియదు. నా చేతుల మీద ఇన్ని ముడతలున్నాయనీ తెలియదు. కొన్ని కనపడకపోతేనే బాగుండేదేమో అనుకున్నాను.

హుక్స్ కుట్టాల్సిన జాకెట్టు ఒకటి ఆపరేషన్ ముందు రోజు నుంచీ మిషను మీదే పడి ఉంది. నేను ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుట్టి బతుకుతున్న మనిషిని. మా ఆయన పోయాక నరసరావుపేటలో ఈ రెండు గదుల ఇల్లూ, ఈ మిషనూ నాకు మిగిలాయి. నెల రోజులు కుట్టుపని ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు గానీ, ఊరికే చూద్దామని సూది వెలుతురుకి పట్టుకుని, దారం కొస నోట్లో తడిపి పెట్టాను. ఒక్కసారికే ఎక్కింది. సంతోషం పట్టలేక దారం లాగేసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎక్కింది. అప్పుడు గుండెల్లో రాయి పడింది. ఇంక సాయంత్రం మా తమ్ముడొస్తే వాడికేం పని చెప్పాలి? పదకొండేళ్ళుగా ప్రతి సాయంత్రం, కొట్టు కట్టేసి ఇంటికి పోయే ముందు, వాడు మా ఇంటికొచ్చి నా సూదిలో దారం ఎక్కించి పోతాడు. అక్కకి కళ్ళు సరిగా ఆనవు కాబట్టి. ఆ మాట నేను వాడికి మొదటిసారి చెప్పిన రోజున నావి గద్ద కళ్ళు. ఈ సంగతి ఇన్నాళ్ళూ నేనెవరికీ చెప్పలేదు.

మా తమ్ముడిది మోటార్ల వైండింగ్ పని. మా వైపు చేలో నీళ్ళ మోటారు కాలిపోతే రైతు దాన్ని ట్రాక్టరులో వేసుకొచ్చి వాడి కొట్టు ముందు దించుతాడు. వీడు దాన్ని విప్పి, మాడిపోయిన రాగి తీగంతా పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నీషు పోసి, ఆరబెట్టి ఇస్తాడు. చెప్పడానికి ఒక్క వాక్యంలో అయిపోయింది గానీ అది వేళ్ళతో చేసే పని. తీగ ఎక్కడన్నా నలిగినా, చుట్ల లెక్క తప్పినా, మోటారు వారం తిరక్కుండా మళ్ళీ కాలుతుంది. మంచి రోజుల్లో వాడు తీగ చుడుతుంటే మా అమ్మ నాకు జడ వేస్తున్నట్టే ఉండేది, అంత బిగువు, అంత నిమ్మళం. గురజాల అవతల నుంచి కూడా మోటార్లు వచ్చేవి.

అక్కడే వచ్చింది తంటా. మిరప తోట వాడిపోతుంటే రైతుకి కాలూ చెయ్యీ ఆడదు. రేపటికల్లా కావాలంటాడు. కొట్టు ముందేమో తనకన్నా ముందొచ్చిన మోటార్లు వరసగా కూర్చుని ఉంటాయి. ఆ వరస దాటాలంటే మా వైపు ఒక పద్ధతుంది. మజూరీ కాకుండా ఒక క్వార్టరు సీసా తెచ్చి మెకానిక్కు బల్ల కింద పెట్టడం. దీన్ని లంచమని ఎవరూ అనుకోరు, మర్యాద అనుకుంటారు. తీసుకోకపోతే వీడికి పొగరనుకుంటారు. ఎండలు ముదిరితే బల్ల కింద సీసాలు బయట మోటార్లతో సమానంగా ఉండేవి. మొదట్లో వాడు పని అయ్యాక తాగేవాడు. తర్వాత్తర్వాత పని మొదలుపెట్టడానికే తాగాల్సి వచ్చింది, ఎందుకంటే పొద్దున లేస్తే చేతులు వణికేవి, గుక్క పడితేనే కుదురుకునేవి. ఆ తర్వాత మధ్యాహ్నానికే కొట్టులో పడుకునేవాడు. చుట్ల లెక్కలు తప్పాయి. మోటార్లు వేరే కొట్లకి పోవడం మొదలుపెట్టాయి.

తాగినవాడు పెళ్ళాన్ని కొడతాడంటారు. వీడు కొట్టలేదు, ఒట్లు పెట్టేవాడు. వెలుగుతున్న కర్పూరం మీద పెట్టాడు, కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి పెట్టాడు, మా అమ్మ ఫోటో గోడ మీంచి దించి మరీ పెట్టాడు. ఒట్టు పెట్టేటప్పుడు వాడి ముఖం చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధవుతుంది. వాడూ నమ్మే పెట్టేవాడు, అదే వచ్చిన చిక్కు. మా మరదలు, అంటే వాడి భార్య, మాచర్ల పిల్ల. గట్టిగా మాట్లాడి ఎరగదు. ఒట్టు పెట్టిన ప్రతిసారీ తలకాయ ఊపి లోపలికి పోయి పొయ్యి వెలిగించుకునేది.

మా వైపు తాగుడు మాన్పించడానికి అందరికీ తెలిసిన మందు ఒకటుంది, మాల వేయించడం. కార్తీక మాసంలో అయ్యప్ప మాల వేస్తే నలభై ఒక్క రోజులు చన్నీళ్ళ స్నానం, చాప మీద పడక, కాళ్ళకి చెప్పుల్లేకుండా నడక. మద్యం మాట చెవిన కూడా పడకూడదు. మాలలో ఉన్న మనిషిని ఎవరైనా స్వామీ అనే పిలవాలి, కట్టుకున్న భార్యతో సహా. మా తమ్ముడికి మాల వేయించాం. ఏం చెప్పమంటారు, వారం పది రోజులు ఒళ్ళు నొప్పులతో మూలిగినా ఆ తర్వాత తేరుకున్నాడు. ముఖంలో కళొచ్చింది. భజనలో వాడి గొంతే పైన వినపడేది. కొండకి పోయొచ్చాక ఆ మాల అమ్మ చేత తీయించుకోవడం మా ఇంటి ఆనవాయితీ. మా అమ్మ లేదు కాబట్టి అక్కగా నేను తీశాను. నేను పొద్దున మాల తీస్తే వాడు సాయంత్రానికి తాగాడు.

అప్పుడు నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మాల తీస్తే గదా తాగుతున్నాడు, అసలు తీయకుండా ఉంటే? అయ్యప్ప మాల అవగానే శివ మాల వేయించాను. శివరాత్రికి కోటప్పకొండ మీద అది తీయగానే ఆంజనేయస్వామి మాల. దసరాకి భవానీ మాల. మళ్ళీ కార్తీకం. ఇంట్లో దండెం మీద బట్టలు నల్లవి పోయి కాషాయం, కాషాయం పోయి ఎర్రవి వచ్చేవి, వీధిలో వాళ్ళకి వాడి చొక్కా చూస్తే ఏ పండగ దగ్గర పడిందో తెలిసేది. ఒక మాలకీ ఇంకో మాలకీ మధ్య సందు దొరికిందా, అందులోంచి వాడు జారిపోయేవాడు. బ్రాందీ షాపు అతను దారిలో ఎదురుపడితే చేతులు జోడించి "స్వామీ, విరమణ ఎప్పుడు?" అని భక్తిగా అడిగేవాడంటే చూసుకోండి. దగ్గర దగ్గర రెండేళ్ళు ఇట్లా గడిపాను, నా తెలివికి నేనే మురిసిపోతూ.

చివరికి గురుస్వామి నా మీద అరిచాడు. మాల వేసే పెద్దాయన ఆయనే. మళ్ళీ కార్తీకంలో వాణ్ణి లాక్కుపోతే వేయనన్నాడు. "అమ్మా, ఇది దేవుడి దండ. నువ్వు గొడ్డుకి పలుపు కట్టినట్టు కడతన్నావ్. పలుపు తీసిన రోజు గొడ్డు చేలో పడక ఏం చేస్తది? ముందు డాక్టరుకి చూపియ్యి. మనిషి నిలబడ్డాక రమ్మను, నేనే ఎదురొచ్చి వేస్తా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చేదాకా దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను. తిట్టడం అయ్యేసరికి మా వసారాలో మా మరదలు కూర్చుని ఉంది, పక్కన సంచి, ఒళ్ళో ఎనిమిదేళ్ళ కూతురు. "వదినా, స్వామీ స్వామీ అని పిలిచి పిలిచి నా నోరు నొప్పి పుడతంది. నాకు స్వామి వద్దు, మొగుడు కావాలి. ఎప్పుడన్నా ఆయన కనపడితే కబురు చెయ్యి" అంది. ఎప్పటిలాగే మెల్లగానే అంది. తర్వాత లేచి పిల్లని తీసుకుని మాచర్ల బస్సెక్కింది.

గుంటూరులో ఒక ఆసుపత్రిలో వాణ్ణి చేర్పించాను. మూడు వారాలుంచారు. అక్కడి డాక్టరమ్మ నాకన్నా చిన్నది, చాలా ఓపికగా చెప్పింది. "ఇది షుగరు లాంటి జబ్బమ్మా. తగ్గిపోయిందని వదిలేయడానికి లేదు, రోజూ చూసుకోవాలి. మానేశానని చెప్పించొద్దు. ఇవాళ తాగలేదు అంటే చాలు. ఒట్లు వేయించుకోవద్దు, జేబులు వెతకొద్దు, దగ్గరికొచ్చినప్పుడల్లా వాసన చూడొద్దు" అంది. అన్నిటికీ బుద్ధిగా తలకాయ ఊపాను. ఆ సాయంత్రమే వాడు స్నానానికి పోతే జేబులు వెతికాను. బీడీ కట్టా, బస్సు టిక్కెట్టూ, డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలూ దొరికాయి. సిగ్గుపడి మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేశాను.

వాణ్ణి మా ఇంటికే తెచ్చుకున్నాను. తాగుబోతుతో కాపురం కష్టమని అందరికీ తెలుసు. తాగుడు మానుతున్నవాడితో కాపురం ఇంకో రకం కష్టమని నాకప్పుడే తెలిసింది. కూరలో ఉప్పు తగ్గితే అరిచేవాడు, సరిగ్గా ఉంటే ఎందుకుందని అరిచేవాడు. టీవీ పెడితే గోలంటాడు, కట్టేస్తే ఇల్లు పాడుబడిందంటాడు. తీపి మీద యావ పట్టుకుంది. నా బెల్లం డబ్బా మూడు రోజుల్లో ఖాళీ చేశాడు. ఇంట్లో దగ్గు మందు, ఎప్పటిదో ద్రాక్షాసవం సీసా, అన్నీ తీసుకెళ్ళి పిన్నికిచ్చేశాను. ఆవిడ మర్నాటికి ద్రాక్షాసవం అయిపోయిందని, చాలా బాగుందని చెప్పింది. నా మిషనేమో వాకిలికి అడ్డంగా జరుపుకున్నాను, నన్ను లేపకుండా ఎవరూ బయటికి పోవడానికి వీల్లేకుండా. ఎందుకట్లా పెట్టావని వాడడిగితే, వెలుతురు కోసమన్నాను. వాడు నవ్వలేదు గానీ వెలుతురు వంక ఒకసారి చూశాడు.

రెండు నెలలయ్యాక కొట్టు తెరిచాడు. అక్కణ్ణుంచి నాకు నిజమైన భయం పట్టుకుంది. డాక్టరమ్మ వద్దన్నా నేను వాసన చూడటం మానలేదు, కానీ చూసి లాభం లేకపోయింది. వార్నీషు, థిన్నరు పూసుకొచ్చినవాడి ఒంటి మీద ఇంకే వాసన తెలుస్తుంది? చొక్కా ఉతకబోతే నాకే తల తిరిగేది. అప్పుడు ఆలోచించి ఆలోచించి సూది పరీక్ష పెట్టాను. సాయంత్రం ఆరింటికి వాడు గడపలోకి రాగానే, "ఒరేయ్, నాకు చత్వారం వచ్చినట్టుందిరా, కాస్త దారం ఎక్కించు" అన్నాను. చెయ్యి వణికితే తాగినట్టు, వణక్కపోతే తాగనట్టు. ఇదీ నా సిద్ధాంతం. మొదటి రోజు పదిసార్లు పైనే పట్టింది. దారం కొస చెదిరిపోయింది, వాడి చెమట సూదికంటింది. కోపమొచ్చి "కళ్ళజోడు కొనుక్కోవచ్చు గదా!" అని అరిచాడు. అరుస్తూనే ఎక్కించాడు. మర్నాడు మళ్ళీ ఇచ్చాను. కొన్ని వారాలకి నాలుగుసార్లలో ఎక్కేది, తర్వాత రెండింటిలో. నేను కుట్టకపోయినా సరే, వాడు రాకముందు సూదిలో దారం లాగేసి సిద్ధంగా పెట్టేదాన్ని.

మాత్రల కోసం మళ్ళీ గుంటూరు పోయినప్పుడు ఈ ఘనకార్యం డాక్టరమ్మకి గొప్పగా చెప్పుకున్నాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "తాగుడు అలవాటున్నవాళ్ళకి తాగితేనే చెయ్యి నిలబడుతుందమ్మా. మీ పరీక్ష తిరగబడింది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ నేను వాణ్ణి ఏం చూసి నమ్మినట్టు? లేచి వస్తుంటే ఆమె వెనక నుంచి "అయినా మానకండి" అంది. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒట్టి పరీక్ష అని తెలిసినా అలవాటు పోదు గదా. తాగుడు మానిన ఆరో నెలలో, మిరప తోటలకి ఆఖరి తడులు పెట్టే రోజుల్లో, ఒక సాయంత్రం వాడొచ్చి సూది పుచ్చుకున్నాడు. చెయ్యి మొదటి రోజుకన్నా ఎక్కువగా వణికింది. సూది జారి కింద పడింది. వంగి తీసి మళ్ళీ పెట్టబోయాడు, మళ్ళీ పడింది. డాక్టరమ్మ చెప్పిందంతా గాలికి పోయింది. వాడి గడ్డం పట్టుకుని ముఖం నా వైపు తిప్పి, నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. నలభై ఏళ్ళ మగవాణ్ణి. ఏ వాసనా లేదు. వాడు నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు. "అయిందా అక్కా?" అని మాత్రం అన్నాడు. అన్నం తినలేదు. పొద్దున నేను నీళ్ళు పట్టుకోవడానికి పోయిన సమయంలో మిషను పక్కకి జరిపి వెళ్ళిపోయాడు.

కొట్టుకి తాళం ఉంది. ఫోను మోగట్లేదు. అందరికీ ఫోన్లు చేస్తే పరువు పోతుందని, కొంగు నెత్తిన కప్పుకుని నేనే బయల్దేరాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బ్రాందీ షాపు ముందు నిలబడ్డాను. లోపలి అతను కంగారుపడి "ఏం కావాలమ్మా?" అన్నాడు. మా తమ్ముడన్నాను. "స్వామా? ఆయన మొహం చూసి ఆరేడు నెలలైందమ్మా. ఊరొదిలి పోయాడేమో అనుకుంటన్నా" అన్నాడు, కొంచెం బెంగగానే. అంత మంచి సర్టిఫికెట్టు వాడికి ఏ డాక్టరూ ఇవ్వలేదు. అయినా నా మనసు ఊరుకోలేదు. ఊళ్ళో ఇదొక్కటేనా షాపు? నిన్నటిదాకా తాగకపోతే, నేను చేసిన పనికి ఇవాళ తాగి ఉంటాడు. వాడు మళ్ళీ పడ్డాడంటే అది నా మూలంగానే అనుకుంటూ, ఎండలో మళ్ళీ కొట్టు దగ్గరికొచ్చాను.

కొట్టు మెట్ల మీద ముప్పాళ్ళ వైపు రైతొకాయన కూర్చుని ఉన్నాడు. మోటారు కోసం వచ్చానన్నాడు. నేను ఫలానా అని చెప్పగానే లేచి నిలబడ్డాడు. "నా మీద కోపంతో కొట్టు తెరవలేదా ఏందమ్మా? నిన్న మర్యాదకి ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టా. చానాసేపు దానివంకే చూస్తా నిలబడ్డాడు. చేతులు వణికినయ్. నేనే భయపడ్డా. తర్వాత తీసి నా సంచిలో పెట్టి, 'ఇది పట్టకపో అన్నా, నీ మోటారు వరసలోనే అయిద్ది' అన్నాడు. ఆరవుతుంది, మా అక్క ఎదురు చూస్తా ఉంటది అని తాళం వేసుకుని పోయాడు" అన్నాడు. నేను ఆయన కూర్చున్న మెట్టు మీదే కూలబడ్డాను. వాడు ఆ సీసా దగ్గర్నుంచి వణుకుతూ వణుకుతూ నా దగ్గరికి నడిచొచ్చాడు. నేను వాడి నోరు వాసన చూశాను. ఆ రైతు పాపం ఎక్కణ్ణుంచో మజ్జిగ తెచ్చి తాగమని బతిమాలాడు.

ఇంటికొచ్చి మిషను వాకిట్లోంచి తీసి గోడవారగా పెట్టేశాను. ఇంక అడ్డం పెట్టను, పోయేవాణ్ణి ఆపను, వస్తే చాలు అనుకున్నాను. ఆరయింది. రాలేదు. ఆరున్నరకి వీధి మలుపులో వాడు కనపడ్డాడు. నడక తిన్నగా ఉంది. చేతిలో స్టీలు డబ్బా ఉంది. చెప్పుల నిండా దారిలోని పిడుగురాళ్ళ సున్నపు దుమ్ము. "మాచర్ల పోయొచ్చా" అన్నాడు. ఏం చెప్పావురా అంటే, "మానేశానని చెప్పలా. ఇవాళ తాగలేదని చెప్పా. నిన్న కూడా తాగలేదని చెప్పా" అన్నాడు. మరి ఆమేమంది? "ఏమీ అనలా. అన్నం పెట్టింది." ఆ డబ్బాలో గోంగూర పచ్చడి ఉంది, నాకు పంపింది. వాడు నా ముందు కూర్చుని, చిన్నప్పుడు అమ్మ పాలపళ్ళు చూస్తానంటే తెరిచినట్టు నోరు తెరిచి "చూడక్కా" అన్నాడు. గోంగూర, ఉల్లిపాయ వాసన గుప్పుమని కొట్టింది. నేను నవ్వాను, నవ్వుతూనే భోరుమని ఏడ్చాను. అప్పటికింకా కంటి ఆపరేషన్ కాలేదు కాబట్టి ఏడవమాక అనేవాళ్ళు లేరు. నా ఏడుపు అయ్యేదాకా ఆగి వాడు చెయ్యి చాపాడు. "సూదేదక్కా?" ఒక్కసారికే ఎక్కించాడు.

ఎండాకాలం సెలవులకి మా మరదలు నాలుగు రోజులుండి పోదామని వచ్చింది. ఏమీ అడగలేదు, అంతా చూసింది. సాయంత్రం సూది తంతు కూడా తలుపు చాటు నుంచి చూసింది. నేను బియ్యంలో మట్టిగడ్డలు ఏరడం, కళ్ళజోడు లేకుండా ఏరడం కూడా చూసినట్టుంది, కానీ నోరెత్తలేదు. బళ్ళు తెరిచే వేళకి పెట్టెలతో సహా వచ్చేసింది. రెండు సందుల అవతల ఇల్లు తీసుకున్నారు. మొగుడికి ఆమె పెట్టిన షరతులు కొన్నే. ఒట్లు పెట్టకూడదు, సీసా తెచ్చిన రైతు మోటారు ముట్టుకోకూడదు, సాయంత్రం ఆరింటికి వదిన దగ్గరికి పోకుండా ఇంటికి రాకూడదు. ఇప్పుడు రైతులు వాడి కొట్టుకి మిరపకాయలు తెస్తారు, గుమ్మడికాయలు తెస్తారు, ఒకాయన మేకపిల్లని తెచ్చాడు. వరస మాత్రం దాటించడు.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. చావులొచ్చాయి, పెళ్ళిళ్ళొచ్చాయి, మాత్రలు మానేసి మళ్ళీ వేసుకున్న రోజులొచ్చాయి. కానీ నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడ్డది రెండేళ్ళ తర్వాత వాడంతట వాడే మాల వేసుకుంటానన్నప్పుడు. గురుస్వామి అన్న మాట ప్రకారం వీధిలోకి ఎదురొచ్చి వేశాడు. నలభై ఒక్క రోజులూ నాకు భయం లేదు. కొండకి పోయొచ్చిన పొద్దున, స్నానం చేసి నా ముందు తల వంచాడు, తీయమని. ఆదరాబాదరాగా లాగాను. మాల వాడి చెవి దగ్గర చిక్కుకుంది, "నిదానంగా తియ్యక్కా, ఎక్కడికీ పోను" అన్నాడు. ఆ పగలంతా నేను ఏం కుట్టానో తెలియదు. ఒక జాకెట్టుకి రెండు కుడి చేతులు కుట్టానని మర్నాడు తెలిసింది. సాయంత్రం ఆరింటికి, మెడలో ఏమీ లేకుండా, మామూలు గళ్ళ చొక్కా తొడుక్కుని వాడు గడపలోకి వచ్చాడు. సూది ఇచ్చాను. ఎక్కించి, టీ తాగి, ఎప్పట్లాగే టీలో పంచదార తక్కువైందని సణుక్కుంటూ వెళ్ళాడు. వాడి వెనక తలుపు వేసి, గోడకి ఆనుకుని ఎంతసేపు నిలబడ్డానో. బరువంతా దిగిపోయినంత హాయి.

ఏళ్ళు గడిచాయి. ఆ ఎనిమిదేళ్ళ పిల్ల ఇప్పుడు గుంటూరులో డిగ్రీ చదువుతోంది. నాకు షుగరొచ్చింది. కళ్ళు నిజంగానే మసకబారాయి. ఏ రోజు నుంచి అబద్ధం ఆపి నిజం చెబుతున్నానో నాకే తెలియదు. ఒక సాయంత్రం, వాడు రావడం ఆలస్యమై నేనే ఎక్కించుకోబోతే, సూది బెజ్జం కనపడలేదు. ఆ రోజున మాత్రం వాడికోసం వాకిట్లో నిలబడి చూశాను, నా అవసరం కోసం.

ఇవాళ కూడా ఆరింటికే వచ్చాడు. నా నల్లద్దాల వంక చూసి, కాళ్ళు కడుక్కుని, టీ తాగి, చెయ్యి చాపాడు. నేను పొద్దుటి సంగతి చెప్పలేదు. దారం లాగేసిన సూది వాడి చేతిలో పెట్టాను. వాడికిప్పుడు యాభై దాటాయి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని మరీ ఎక్కించాడు. ఎక్కించి, దారం కొస ముడేస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఆపరేషన్ బాగా అయిందంట గదక్కా. ఇంక నీకు బాగా కనపడుద్ది."

"ఏం కనపడుద్దిరా, అంతా మసగ్గానే ఉంది."

"అప్పుడు కూడా కనపడేది గదా నీకు."

ఎప్పుడు తెలిసిందిరా అంటే, మొదటి రోజే అన్నాడు. ఎట్లా అంటే, నేను సూది ఇచ్చేటప్పుడే బెజ్జం వెలుతురు వైపు తిప్పి ఇచ్చానట. కళ్ళు కనపడనిదానికి బెజ్జం ఎటుందో ఎట్లా తెలుస్తుంది అన్నాడు. రాగి తీగతో పనిచేసేవాడికి ఇంకెవరు చెప్పాలి. మరి తెలిసి తెలిసి ఇన్నేళ్ళు ఎందుకు ఎక్కించావురా అన్నాను. వాడు సూదిని జాకెట్టు అంచుకి గుచ్చి, కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సాయంత్రం ఒకళ్ళు నా చెయ్యి చూస్తారని తెలిస్తే, పొద్దస్తమానం అది నా మాట వినేదక్కా" అన్నాడు. తర్వాత లేచి చెప్పులేసుకుంటూ, "రేపు రావాలా?" అని అడిగాడు.

"రాకపోతే జాకెట్లు ఎవడు కుడతాడ్రా?" అన్నాను, ఎప్పట్లాగే విసుక్కుంటూ.

వాడు వీధి మలుపు తిరిగేదాకా నల్లద్దాలు తీసి చూశాను, వాడి చొక్కా మీద వార్నీషు మరక దాకా స్పష్టంగా కనపడింది. కళ్ళు కనపడటం లేదని నేనాడిన అబద్ధం నెమ్మదిగా నిజమైపోయి, మొన్న ఆపరేషన్‌తో మళ్ళీ అబద్ధమైంది; ఆ రెండు అబద్ధాల మధ్య ఎంత కాలం గడిచిందో అంత కాలం మా తమ్ముడు తాగలేదు, ఇవాళ్టితో కలిపి.